నర్సు చెప్పిన మాట కేస్ షీట్‌లోకి ఎక్కాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బోధనాసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, యూనిట్ చీఫ్‌లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మెడికల్ వార్డు, సర్జికల్ వార్డు, లేబర్ రూమ్, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ అన్నీ తిరిగాను. ఈ ఉత్తరం మంత్రిగారికో సెక్రటరీగారికో రాయకుండా మీకే రాయడానికి కారణం ఉంది. పోస్టులు, జీతాలు, ప్రమోషన్లు వాళ్ళ చేతిలో ఉంటాయి. వాటి గురించి మా సంఘాలు అర్జీలు ఇస్తూనే ఉన్నాయి. నేను అడగబోయేవాటికి జీవో అక్కర్లేదు, ఫైలు సచివాలయం దాకా వెళ్ళనక్కర్లేదు. మీరు తలచుకుంటే వచ్చే వారమే మొదలవుతాయి.

సంగతి ఇది. పేషెంట్ పక్కన ఎక్కువ గంటలు ఉండేది నర్సు. ఆ పేషెంట్‌కు ఏం చేయాలో నిర్ణయించేటప్పుడు మాత్రం ఆమె అక్కడ ఉండదు. ఉన్నా ఎవరూ అడగరు. అడక్కుండానే చెప్పినా, చెప్పినట్టు ఎక్కడా రాసి ఉండదు.

రౌండ్స్ సంగతే తీసుకోండి. ఉదయం ఎనిమిదికి డ్యూటీ మారుతుంది. నైట్ స్టాఫ్ పేషెంట్లను అప్పగించి (ఓవర్ ఇచ్చి) వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి ఇంజెక్షన్లు. సరిగ్గా ఆ టైముకే చీఫ్ గారు వస్తారు. వెనక అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీ చదివే డాక్టర్లు (పీజీలు), ఎంబీబీఎస్ అయ్యాక ఇంటర్న్‌షిప్ చేసే హౌస్ సర్జన్లు, వాళ్ళ వెనక స్టూడెంట్లు. ఇంతమంది మంచం చుట్టూ నిలబడితే, ట్రాలీ తోసుకొచ్చిన స్టాఫ్ నర్సుకు పేషెంట్ చెయ్యి అందడానికే దారి ఉండదు. ఆమె ఆ వరస వదిలేసి, అవతలి వరసలో యాంటీబయాటిక్ కలుపుకుంటూ ఉంటుంది. కేస్ షీట్లు పట్టుకుని మీ వెంట నడిచేది హెడ్ నర్సు. "సిస్టర్, ఎక్స్‌రే ఏది? నిన్న పంపిన బ్లడ్ రిపోర్టు వచ్చిందా?" ఆమెను అడిగేవి చాలావరకు ఇవే. రాత్రి నిద్రపోయాడా, నోట్లోకి ఏమన్నా వెళ్ళిందా, మంచం దిగి రెండడుగులు వేశాడా అని అడిగే చీఫ్‌లు లేరని అనను. ఉన్నారు. వాళ్ళ యూనిట్‌లో డ్యూటీ పడితే బాగుండునని మేమంతా అనుకునేవాళ్ళం.

మిగతా చోట్ల జరిగేది ఇది. తొమ్మిదిన్నరకు చీఫ్ గారు మందు మార్చమంటారు. పీజీ చిన్న కాగితం మీద రాసుకుంటారు. వార్డంతా తిరిగి, పదకొండున్నరకు కూర్చుని కేస్ షీట్లలో ఎక్కిస్తారు. ఆ షీటు స్టాఫ్ నర్సు కంటపడేది పన్నెండు దాటాక. ఇండెంట్ రాసి ఫార్మసీ నుంచి మందు తెప్పించేసరికి మళ్ళీ డ్యూటీ మారే వేళ. రెండింటికి వచ్చినామెకు "పన్నెండో బెడ్‌కు కొత్త మందు రాశారు, చూసుకో" అని నడుస్తూ నడుస్తూ చెబుతారు. పొద్దున తొమ్మిదిన్నరకు అన్న మాట సాయంత్రానికి గానీ ఒంట్లోకి వెళ్ళదు. ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. అందరూ ఎవరి పని వాళ్ళు చేశారు, అంతే.

కాబట్టి నా మొదటి కోరిక: ఆ మంచాలు చూసే స్టాఫ్ నర్సు ఆ మంచాల దగ్గర రౌండ్స్‌లో ఉండాలి, ముందు ఆమె మాట్లాడాలి. రాత్రి జ్వరం ఎంత, యూరిన్ ఎంత, నొప్పి తగ్గిందా, డ్రెయిన్‌లో ఏం వచ్చింది, ఆమెకు ఏదన్నా అనుమానంగా ఉందా. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు. ఆర్డరు అక్కడికక్కడే రాస్తే ఆమె అక్కడికక్కడే చదువుకుంటుంది. అర్థం కాకపోతే అడుగుతుంది. ఇందుకు తొమ్మిది గంటల ఇంజెక్షన్లను ముందుకో వెనక్కో జరపాలి, లేదా రౌండ్స్ టైము మార్చాలి. చీఫ్ గారు, హెడ్ నర్సు పది నిమిషాలు కూర్చుంటే తేలిపోయే విషయం.

రాత్రి సంగతి ఇంకా కష్టం. పగలు కనీసం మనుషులుంటారు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, పేగు ఆపరేషన్ అయిన నాలుగో రోజు రాత్రి ఒకావిడ నీరసంగా కనిపించింది. కడుపు నొప్పి ఎక్కువైందని అంటోంది. పల్స్ సాయంత్రం 96 ఉన్నది పదకొండింటికి 118 అయింది. యూరోబ్యాగు (మూత్రం సంచి)లోకి దిగే చుక్కలు తగ్గాయి. నైట్ డ్యూటీ అమ్మాయి ఊపిరి లెక్కపెట్టింది, నిమిషానికి 26. హౌస్ సర్జన్‌కు ఫోన్ చేసింది. "ఒక ఆర్ఎల్ పెట్టండి సిస్టర్" అన్నారు (సెలైన్ లాంటి బాటిల్). పెట్టింది. ఒంటిగంటన్నరకు మళ్ళీ చేసింది. "అబ్జర్వ్ చేయండి, పొద్దున సార్‌కు చెబుదాం" అన్నారు. ఆ పిల్లడు కూడా అప్పటికే పొద్దుటినుంచి నిలబడి ఉన్నాడు, సార్‌ను నిద్రలేపితే ఏమంటారో అన్న టెన్షన్ అతనిది. నాలుగింటికి బీపీ 80కి పడిపోయింది. అప్పుడు అందరూ పరిగెత్తుకొచ్చారు. పేగు కుట్టు దగ్గర లీకు. మళ్ళీ కడుపు తెరిచారు. చాలా రోజులు ఐసీయూలో ఉండి ఎలాగో బయటపడింది ఆవిడ. ఎంక్వైరీలో మొదటి ప్రశ్న ఎవరికి పడిందో ఊహించగలరు. "సిస్టర్, మీరు ఎందుకు ఇన్‌ఫామ్ చేయలేదు?" రెండుసార్లు చేసింది. రెండింటిలో ఒక్కటీ కేస్ షీట్‌లో లేదు.

ఇలాంటి రాత్రుల కోసమే బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక స్కోరు తయారుచేసింది. న్యూస్ అంటారు, నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్. 2017లో దాన్ని సవరించారు. ఊపిరి, ఆక్సిజన్ శాతం, పై బీపీ, పల్స్, జ్వరం, తెలివి ఎలా ఉంది అన్నవాటికి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో రెండు. మొత్తం 5 అయితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, 7 గానీ అంతకు మించి గానీ అయితే ఎమర్జెన్సీ. ఇందులో గొప్ప ఏమీ లేదు, జ్వరం, పల్స్, ఊపిరి రాసే మన టీపీఆర్ చార్టులో ఉన్నవే చాలావరకు. తేడా ఎక్కడంటే, "నాకెందుకో భయంగా ఉంది సార్" అని బతిమాలే పని నర్సుకు ఉండదు. "స్కోరు 7 సార్" అంటే వచ్చి తీరాలి. లేపినందుకు ఎవరూ కసరరు. అక్కడ పనిచేసే మన తెలుగమ్మాయిలు సెలవుకు వచ్చినప్పుడు జీతం గురించి ఎంత చెబుతారో దీని గురించీ అంతే చెబుతారు. మీ ఆసుపత్రిలో ఒక సర్జికల్ వార్డులో మొదలుపెట్టి చూడండి. స్కోరు ఎంత వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని నిమిషాల్లో రావాలి, రాకపోతే తర్వాత ఎవరికి చేయాలి అన్నది మీ సంతకంతో గోడ మీద అతికించండి. చేసిన ఫోన్, టైము, వచ్చిన జవాబు నర్సు రాస్తే అది కేస్ షీట్‌లోనే ఉండాలి. విడిగా పెట్టిన నర్సింగ్ నోట్స్ ఎవరూ తిప్పి చూడరు.

ఇక్కడ మా వాళ్ళ గురించీ చెప్పాలి, లేకపోతే ఉత్తరం ఒంటిపక్షం అవుతుంది. ఏ వార్డుకైనా వెళ్ళి టీపీఆర్ చార్టు తిప్పండి. ఊపిరి గడిలో ఏం రాసి ఉంటుంది? 20. పక్క పేషెంట్‌కు 20. ఆ పక్కన ఆయాసంతో దిండు మీద దిండు వేసుకుని కూర్చున్న పెద్దాయనకూ 20. నిమిషం పాటు ఛాతీ చూస్తూ లెక్కపెట్టిన వాళ్ళు అరుదు. ఆ స్కోరులో 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 దాకా 2, 25 నుంచి 3. అంటే మేము రాసే ఉత్తుత్తి 20 వల్ల ముందుగా పట్టుకోవాల్సిన ప్రమాదం మొత్తం మాయమైపోతుంది. నేను హెడ్ నర్సుగా దీని మీద తగాదా పడ్డాను. "ఎవరు చూస్తారు మేడమ్" అనేవాళ్ళు. నిజమే, ఎవరూ చూడరు. రౌండ్స్‌లో ఒక్క చీఫ్ ఆ గడి వైపు వేలు పెట్టి "ఇది మీరు లెక్కపెట్టిందేనా?" అని వారం రోజులు అడిగితే ఎనిమిదో రోజు నుంచి అందరూ లెక్కపెడతారు.

ఫోన్ ఆర్డర్లది ఇంకో తలనొప్పి. రాత్రి ఫోన్లో మందు చెబుతారు, నర్సు ఇచ్చేస్తుంది. తెల్లారి ఆ ఆర్డరు కింద సంతకం ఉండదు. ఏమీ కాకపోతే సరే. ఏదన్నా అయితే మందు ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తుండదు. నర్సు విన్న మందు పేరు, డోసు మళ్ళీ పైకి చదివి వినిపించాలి, డాక్టర్ అవునని చెప్పాలి, వార్డుకు వచ్చిన వెంటనే సంతకం పెట్టాలి. సంతకం లేని ఫోన్ ఆర్డర్లు ఎన్నున్నాయో నెలకోసారి ఆసుపత్రి పాలన చూసే డాక్టర్, ఆర్‌ఎంఓ గారు చూస్తే చాలు.

ఇక థియేటర్. సర్జరీ భద్రత కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, పేషెంట్ బయటికి వెళ్ళే ముందు కొన్ని పైకి చదవాలి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు, వాటిలో మన ఢిల్లీ కూడా ఉంది. 2009లో అచ్చయిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, కాంప్లికేషన్లు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. కాగితం ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. మన దగ్గర ఆ ఫారం ఉంది. మధ్యాహ్నం లిస్టు అయిపోయాక ఒకరు కూర్చుని పొద్దుటి కేసులన్నిటికీ కలిపి టిక్కులు పెట్టడం నేను కళ్ళారా చూశాను. అది చెక్‌లిస్టు ఎలా అవుతుంది, అటెండెన్స్ రిజిస్టరు అవుతుంది.

మాప్‌ల (ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డల) లెక్క సంగతి మీకు తెలియంది కాదు. కడుపు మూసే ముందు సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ నర్సు, కావలసినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్ నర్సు కలిసి లెక్కపెడతారు. ఒకటి తగ్గింది అంటుంది స్క్రబ్ నర్సు. సర్జన్ గారు కుట్టు వేస్తూనే, "సరిగ్గా చూడమ్మా, బకెట్లో ఉంటుంది" అంటారు. చాలాసార్లు బకెట్లోనే ఉంటుంది. ఉండని ఆ ఒక్కసారి కోసమే లెక్క. మాప్ దొరికేదాకా సూది ఆగాలి, ఆపమనే అధికారం స్క్రబ్ నర్సుకు ఉండాలి. ఈ మాట సర్జరీ విభాగం హెడ్ (హెచ్‌ఓడీ) గారు అందరి ముందూ ఒకసారి చెబితే, నిన్న చేరిన అమ్మాయికి కూడా "సార్, ఆగండి" అనే ధైర్యం వస్తుంది. లేకపోతే రాదు. ఇరవై రెండేళ్ళ పిల్ల ప్రొఫెసర్‌ను ఆపుతుందా?

"ఇవన్నీ బాగానే ఉన్నాయి, స్టాఫ్ ఏరమ్మా?" అంటారు మీరు. అనండి, తప్పులేదు. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, పైన సెలవుల కోసం 30 శాతం ఎక్కువ ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మన జనరల్ వార్డులో నైట్ డ్యూటీకి ఎందరుంటారో ఇక్కడ రాయడం ఎందుకు, మీరు సంతకం పెట్టే డ్యూటీ లిస్టులోనే ఉంది. తెలంగాణలో 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. మంచిదే. ఇంకా కావాలి. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు-పరిశోధకురాలు 2002లో చూపించింది, నర్సు మీద ఒక్క పేషెంట్ పెరిగినకొద్దీ సర్జరీ అయినవాళ్ళు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చూసినా అదే 7 శాతం తేలింది.

అయితే ఉన్న నర్సు టైమంతా ఎక్కడ పోతోందో చూశారా? ఇండెంట్ పుస్తకం. డైట్ లిస్టు. దోబీకి వెళ్ళిన దుప్పట్ల లెక్క, వచ్చిన దుప్పట్ల లెక్క, చిరిగినవాటిని పనికిరావని తీసేసే కండెమ్నేషన్ లెక్క. ఆరోగ్యశ్రీ కాగితాలకు ఫోటోలు, సంతకాలు. ఆక్సిజన్ సిలిండర్ అయిపోతే ఫోన్లు. స్కానింగ్‌కు తీసుకెళ్ళే వార్డు సహాయకుడు (ఎంఎన్ఓ) కనిపించకపోతే వెతుకులాట. దుప్పటి పోతే జవాబు చెప్పాల్సింది ఛార్జి నర్సు, అందుకని ఆమె కళ్ళు పేషెంట్ మీద కన్నా బీరువా తాళం మీద ఎక్కువ ఉంటాయి. పైగా తెలంగాణలో పేరు మార్చారు, స్టాఫ్ నర్సు నర్సింగ్ ఆఫీసర్ అయింది, హెడ్ నర్సు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ అయింది. సంతోషం. ఆఫీసర్ చేత దుప్పట్లు లెక్కపెట్టించడం మాత్రం మానలేదు. రెండు వార్డులకు కలిపి ఒక క్లర్కును, అవుట్‌సోర్సింగ్ మీదైనా సరే, ఇవ్వగలరా? ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ (హెచ్‌డీఎస్) నిధుల్లో కుదురుతుందేమో కమిటీలో ఒకసారి మాట్లాడి చూడండి.

టీమ్ అంటే డాక్టర్, నర్సు అనుకుంటాం గానీ మన వార్డుల్లో మూడో మనిషి లేకపోతే ఏదీ నడవదు. పేషెంట్ వెంట వచ్చిన అమ్మో, తమ్ముడో, కోడలో. పక్కకు తిప్పేది వాళ్ళు. ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో జావ పోసేది వాళ్ళు. యూరోబ్యాగు ఒంపేది వాళ్ళు. సెలైన్ అయిపోయిందని పరిగెత్తుకొచ్చి చెప్పేది వాళ్ళు. రాత్రి మంచం కింద చాప వేసుకుని పడుకునేది వాళ్ళే. 2020లో గాంధీ ఆసుపత్రిని కరోనాకే కేటాయించినప్పుడు, ఇతర కోవిడ్ వార్డుల్లోనూ, అటెండెంట్లను లోపలికి రానివ్వలేదు. అప్పటిదాకా వాళ్ళు చేస్తున్న పని ఎంతో మాకు ఆ నెలల్లో తెలిసొచ్చింది. పీపీఈ కిట్టులో చెమటతో తడిసిపోతూ మంచినీళ్ళు తాగించడం దగ్గర్నుంచి వీడియోకాల్ కలపడం దాకా అన్నీ నర్సు మీద, ఆయమ్మల మీద పడ్డాయి.

వాళ్ళ చేత అంత పని చేయించుకుంటూ, ఎలా చేయాలో మాత్రం నేర్పం. పడుకోబెట్టి ట్యూబులో జావ పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందని ఎంతమంది అటెండెంట్లకు చెప్పాం? తల వైపు మంచం ఎత్తి పోయాలి, పోశాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. చెప్పడానికి రెండు నిమిషాలు. పక్షవాతం వచ్చినాయన్ను రెండు గంటలకోసారి ఎలా తిప్పాలో భార్యకు చేసి చూపిస్తే బెడ్‌సోర్ రాదు, ఇంటికెళ్ళాకా రాదు. వార్డులో రోజూ మధ్యాహ్నం ఒక పదిహేను నిమిషాలు దీనికి కేటాయించండి. నర్సింగ్ స్టూడెంట్లు ఉంటారు కదా, వాళ్ళ చేత చెప్పించండి. తిట్లు కూడా తగ్గుతాయి. చిరాకులో బంధువుల కోపం ముందు పడేది నర్సు మీదే అని మీకు తెలుసు.

ఇంటికెళ్ళాక అన్నాను కాబట్టి డిశ్చార్జి సంగతి. ఇప్పుడు సబ్‌సెంటర్లలో, పల్లె దవాఖానాల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) చాలాచోట్ల ఉన్నారు. బీపీ, షుగర్ చూస్తారు, మందులు ఇస్తారు, ఏఎన్ఎం, ఆశా వాళ్ళతో కలిసి ఇల్లిల్లూ తిరుగుతారు. మీ ఆసుపత్రి నుంచి గుండెపోటు పేషెంట్ ఆ ఊరికి తిరిగి వెళ్ళినట్టు ఆమెకు ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు. ఇంగ్లిష్‌లో రాసిన డిశ్చార్జి కార్డు ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టెలోకి వెళ్తుంది. పది రోజుల మందులు అయిపోగానే ఆయన తగ్గిందనుకుని మానేస్తాడు. డిశ్చార్జి రోజున వార్డు నుంచి ఆ ఊరి ఎంఎల్‌హెచ్‌పీకి ఒక ఫోన్, మందుల చీటీ ఫోటో ఒకటి వెళ్తే చాలు. ఎంఎల్‌హెచ్‌పీల నంబర్ల జాబితా జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో దొరుకుతుంది.

నర్సును నమ్మితే ఏమవుతుందో దూరం వెళ్ళి చూడక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రలో 42.4. ఈ వేలంవెర్రిని తగ్గించాలనే తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తర్వాత ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. మామూలు కాన్పు మిడ్‌వైఫ్ చేతిలో, తేడా వస్తే అప్పుడు ఆబ్‌స్టెట్రీషియన్. ఎవరి గీత ఎక్కడో ముందే రాసుకున్నారు. ఆ శిక్షణ పొందినవాళ్ళు మీ ఆసుపత్రిలో ఉంటే ఒకసారి చూడండి, లేబర్ రూమ్‌లోనే ఉన్నారా లేక మామూలు వార్డు డ్యూటీ వేశారా అని. వేసి ఉంటే ఈ రోజే మార్చండి.

ఇంకా రాయవచ్చు. డ్రెస్సింగ్ రూమ్, పిల్లల వార్డు, డయాలసిస్, రాత్రిపూట ఆడపిల్లలు బస్టాండు నుంచి నడిచొచ్చే దారి. అవి మరోసారి.

ఈ ఉత్తరం గురించి మీ దగ్గర మీటింగు పెడితే, డాక్టర్లే కూర్చుని నర్సుల గురించి మాట్లాడుకోకండి. ప్రతి యూనిట్ నుంచి హెడ్ నర్సును, ఆ రోజు నైట్ డ్యూటీ దిగిన ఒక స్టాఫ్ నర్సును పిలవండి. నైట్ దిగినామె చేత ముందు మాట్లాడించి, తొమ్మిదిలోపు వదిలేయండి. ఆమె ఇంటికెళ్ళి ఇంకా వంట చేయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు